మొదటి నవల సొంతంగా వేసుకున్నాను, తెలిసినవాళ్లు కొన్నాక అమ్మకాలు ఆగిపోయాయి. డబ్బు కట్టి ప్రచారం చేయించుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మొదటి నవల సొంతంగా వేసుకున్నారు. ఈబుక్, ప్రింట్ ఆన్ డిమాండ్ (ఎవరైనా కొన్నప్పుడే అచ్చువేసే) పేపర్‌బ్యాక్ రెండూ అమెజాన్ కేడీపీలో, అంటే రచయితలు తమ పుస్తకాన్ని తామే వేసుకునే వేదికలో, ఉన్నాయి. మొదట్లో చుట్టాలు, స్నేహితులు, ఆఫీసువాళ్లు కొన్నారు. ఆ తర్వాత అమ్మకాల రిపోర్టులో గీత నేలకంటుకుపోయింది. రోజూ సోషల్ మీడియాలో పోస్టులు పెడుతున్నా కదలిక లేదు, వీడియోలంటే మీకు వణుకు. కథానాయిక తపాలా ఆఫీసు ఉద్యోగి. రెండో నవల సగంలో ఆపేశారు. ఈలోగా ఒక సంస్థ మీ పుస్తకాన్ని బెస్ట్ సెల్లర్ చేసిపెడతాం, ప్యాకేజీకి డబ్బు కట్టండి అంటోంది. అది కట్టాలా, లేక అదే డబ్బు ప్రకటనలకు పెట్టాలా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. ప్యాకేజీ ఎప్పటికీ వద్దు. ప్రకటనలు ఇప్పుడే వద్దు. ముందు అమెజాన్‌లో మీ పుస్తకం పేజీని మీ ముక్కూమొహం తెలియని పాఠకుడి కళ్లతో చూసి సరిచేయండి. తర్వాత మీతో ఏ పరిచయమూ లేని ఓ యాభై మంది చేత చదివించండి. ఈ రెండు పనులూ కాకుండా ఎంత డబ్బు కుమ్మరించినా జనం మీ పేజీదాకా వచ్చి, చూసి, వెళ్లిపోతారు.

నా సంగతి చెప్పాలంటే, సొంతంగా కొన్ని పుస్తకాలు వేసుకున్నాను. ఆ అనుభవంతోనే కొన్నేళ్లుగా కొత్త రచయితలకు పుస్తకం తయారీలోనూ అమ్మకాల్లోనూ సాయం చేస్తున్నాను. కథ, నవల వైపే నాకు గట్టి అనుభవం. పాఠ్యపుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాల లెక్కలు వేరుగా ఉంటాయి.

ముందు ఆ ప్యాకేజీ సంగతి తేల్చేద్దాం

బెస్ట్ సెల్లర్ అనే బిరుదు ఎలా తయారవుతుందో తెలిస్తే మీకే నవ్వొస్తుంది. అమెజాన్‌లో ఆ జాబితాలు కేటగిరీకొకటి ఉంటాయి, గంటగంటకూ మారుతుంటాయి. కేటగిరీల్లో కొన్ని మహాసముద్రాలు, కొన్ని ఎవరూ తొంగిచూడని మూలలు. అలాంటి మూలలో పుస్తకాన్ని పెట్టి, ఈబుక్ ధర దించి, కొద్దిమంది చేత ఒకే పూట కొనిపిస్తే కాసేపు మొదటి స్థానం దక్కుతుంది. ఆ కాసేపట్లో స్క్రీన్‌షాట్ తీసి మీ చేతిలో పెడతారు. మర్నాటికి ర్యాంకు ఎక్కడిదక్కడికి దిగిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అలాంటి స్క్రీన్‌షాట్ ఎంతో సంబరంగా చూపించారు. ఆవిడ రాసింది కుటుంబ కథ. మొదటి స్థానం వచ్చింది తోటపని తాలూకు ఉపవిభాగంలో. మొక్కల కోసం వచ్చినవాడు అత్తాకోడళ్ల కథ కొనడు కదా!

అయినా ఆశ చావకపోతే ఆ సంస్థను రెండు ప్రశ్నలు అడగండి. మా పుస్తకం గురించి ఎవరికి, ఏ దారిలో చెప్తారు? ఇంతకుముందు మీరు ప్రచారం చేసిన రచయితల్లో ఇద్దరితో నేను మాట్లాడవచ్చా? "మా నెట్‌వర్క్ చాలా పెద్దది", "అది మా అంతర్గత విషయం" అన్న జవాబులు వస్తే సంభాషణ అక్కడితో ఆపేయండి.

ఇంకో రకం కూడా ఈ మధ్య ఎక్కువైంది. మీ నవలను తెగ పొగుడుతూ, మీ పాత్రల పేర్లు కూడా ప్రస్తావిస్తూ, ఏదో బుక్ క్లబ్ నుంచి రాస్తున్నామంటూ మెయిల్ వస్తుంది. రెండు మూడు ఉత్తరాలయ్యాక "చిన్న రుసుము" దగ్గర తేలుతుంది. ఆ పొగడ్తను ఇప్పుడు యంత్రమే రాసిపెడుతోంది, మోసపోకండి. నిజమైన బుక్ క్లబ్బులు చదివినందుకు రచయిత దగ్గర డబ్బు తీసుకోవు. 1998 నుంచి ఇలాంటి బేరాల గుట్టు విప్పుతున్న రైటర్ బివేర్ అనే సైటు ఉంది. ఎవరికైనా డబ్బు కట్టే ముందు ఆ పేరు అక్కడ వెతికి చూడండి.

పేజీని సరిచేయడమంటే

కొత్త పాఠకుడు మీ పుస్తకాన్ని మొదట చూసేది బొటనవేలి గోరంత బొమ్మగా, అదీ ఫోన్‌లో. ఆ సైజులో పేరు చదవగలమా? ఇది ఏ రకం కథో తెలుస్తోందా? మీ కేటగిరీలో బాగా అమ్ముడవుతున్న ఇరవై పుస్తకాల అట్టలు ఒకచోట పేర్చి, వాటి మధ్య మీది పెట్టి, మీ నవల గురించి ఏమీ తెలియని మనిషికి చూపించండి. "ఇందులో కథ ఎలాంటిదై ఉంటుంది?" అని మాత్రం అడగండి. నేను పనిచేసిన ఒక నేరపరిశోధన నవలకు అట్ట మీద సూర్యాస్తమయం, నదిలో పడవ. బొమ్మ బాగానే ఉంది, రచయిత స్నేహితుడు ప్రేమగా వేసిచ్చాడు. అడిగిన ప్రతివాళ్లూ కవితా సంపుటి అన్నారు. అట్ట మార్చాక అదే పుస్తకం, అదే ధర, మెల్లగా కదలడం మొదలైంది. స్నేహితుడు కొన్నాళ్లు మాట్లాడలేదనుకోండి, అది వేరే కథ. కేడీపీలో అచ్చు పుస్తకానికి పేరు, సైజు ఒకసారి బయటికి వచ్చాక మార్చలేం గానీ అట్ట, వివరణ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాబట్టి ఆలస్యమైందని బాధపడక్కర్లేదు.

అట్ట చూసి ఆగినవాడు తర్వాత చదివేది వివరణ, అంటే వెనక అట్ట మీద వేసే నాలుగు మాటలు. కొత్త రచయితల్లో పదిమందికి ఎనిమిదిమంది ఇక్కడే తడబడతారని నా అంచనా. ఎక్కువగా ఇలా ఉంటుంది:

"మానవ సంబంధాల లోతులను స్పృశిస్తూ, ప్రేమ, త్యాగం, మోసం కలబోసిన అపురూప కథనం. ప్రతి పాఠకుడి గుండెనూ తడిమే నవల."

ఇందులో ఒక్క మనిషి లేడు, ఒక్క సంఘటన లేదు. ఏ నవలకైనా అతికించవచ్చు. అదే కథకు దాని రచయితా నేనూ కూర్చుని రాసుకున్నది ఇలా మారింది:

"నాన్న పోయిన మర్నాడు ఆయన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది: 'ఈ నెల డబ్బు ఇంకా అందలేదు.' పంపిన ఆవిడ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు చెప్పకుండా ఆ నంబరుకు ఫోన్ చేసింది సుమతి. అవతల ఎత్తింది ఏడేళ్ల పిల్ల."

తేడా గమనించారా? రెండోదానిలో పొగడ్త లేదు. ఎవరికి ఏం జరిగింది, ఇప్పుడు ఏం తెలియాలి అన్నది మాత్రమే ఉంది. "గుండెను తడిమే" అనే మాట పాఠకుడు రివ్యూలో రాయాలి, మీరు రాసుకుంటే చెల్లదు. కేడీపీ వివరణకు 4,000 అక్షరాల వరకు ఇస్తుంది. అంతా నింపాలని లేదు. ఫోన్‌లో "ఇంకా చదవండి" అని నొక్కకముందు కనిపించే రెండు మూడు వాక్యాల్లోనే కథ ముడి పడాలి.

ఇక మూడోది చాలామంది పట్టించుకోరు. కిండిల్‌లో (అమెజాన్ ఈబుక్‌లు చదివే యాప్) ఉచితంగా చదవనిచ్చే శాంపిల్ పుస్తకం మొదట్లోంచి దాదాపు పది శాతం వస్తుంది. మన పుస్తకాల్లో ఏముంటుంది అక్కడ? అంకితం, ఒక పెద్దాయన ముందుమాట, ఇంకో పెద్దాయన అభినందన, ప్రచురణకర్త మాట, "నా మాట", కృతజ్ఞతలు. శాంపిల్ అయిపోయేసరికి కథ మొదలే కాదు. ఈబుక్‌లో ముందుమాటలన్నీ చివరికి పంపించండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటారనిపిస్తే అచ్చు పుస్తకంలో ముందే ఉంచండి. ఈబుక్ తెరవగానే మాత్రం మొదటి అధ్యాయం కనపడాలి.

కీవర్డ్‌లు, కేటగిరీల గురించి నెట్‌లో కుప్పలుగా పాఠాలున్నాయి, ఒక్క మాటతో సరిపెడతాను. కీవర్డ్‌లకు ఏడు గడులుంటాయి, ఒక్కోదానిలో 50 అక్షరాలు పడతాయి. "నవల", "కథ" లాంటి ఒంటి మాటలు అందులో వృథా. పాఠకుడు నిజంగా టైపు చేసే పదబంధాలు పెట్టండి. కేటగిరీలు మూడు ఎంచుకోనిస్తారు. మీ కథకు సరిపడేవాటిలో వీలైనంత చిన్నవి చూసుకోండి, కానీ తోటపనిలో మాత్రం పెట్టకండి.

ఆ యాభై మంది ఎక్కడ దొరుకుతారు

అసలు కష్టం ఇక్కడుంది, అందుకే అందరూ దీన్ని దాటేసి ప్రకటనల దగ్గరికి పరిగెడతారు. మీ చుట్టాలు కొన్నది మీ మీద అభిమానంతో. వాళ్లలో సగం మంది ఇంకా పుస్తకం తెరిచి ఉండరు, మీరు అడిగితే మొహమాటానికి "బాగుంది" అంటారు. వాళ్ల నుంచి మాట బయటికి పాకదు. మీ రకం కథలను వెతుక్కుని మరీ చదివేవాడు ఒకడు దొరికితే, అతను మీకు తెలియని మరో నలుగురికి చెప్తాడు.

మీ నవలకు దగ్గరగా ఉండే, ఈమధ్యే వచ్చిన అయిదారు పుస్తకాలు ఎంచుకోండి. మహా ప్రసిద్ధులవి వద్దు, మీకంటే రెండు మెట్లు పైన ఉన్నవాళ్లవి చూడండి. ఆ పుస్తకాల గురించి ఎవరు రాశారో వెతకండి: గుడ్‌రీడ్స్ రివ్యూలు, చిన్న బ్లాగులు, యూట్యూబ్‌లో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు, పాఠకుల గుంపులు. లక్షల ఫాలోయర్లున్నవాళ్ల వెంట పడకండి, వాళ్లకు రోజూ ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కొన్ని వందల మంది శ్రద్ధగా చదివే పేజీ నడిపేవాళ్లు మీకు బంగారం.

వాళ్లకు ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి. అందరికీ ఒకే మెసేజ్ అతికించి పంపితే అది మొదటి లైనులోనే తెలిసిపోతుంది. నేను రాసే తీరు ఇది:

"నమస్కారమండీ. ఫలానా నవల మీద మీరు రాసింది చదివాను. రెండో సగంలో తమ్ముడి పాత్ర మాయమైపోయిందన్నారు, నాకూ అదే వెలితి అనిపించింది. నేనొక కొత్త రచయితని. నా నవలలో కూడా ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి, 210 పేజీలు. మీకు ఆసక్తి ఉంటే ఉచితంగా కాపీ పంపుతాను. రాయాలన్న షరతు ఏమీ లేదు. నచ్చకపోయినా చెప్పొచ్చు."

అంతే. లింకులు గుప్పించకండి, మీ జీవితచరిత్ర వద్దు. పదిమందికి రాస్తే ముగ్గురు జవాబిస్తారు, ఒకరు చదువుతారు. అది మామూలే. ఒక్కసారి గుర్తు చేయొచ్చు, రెండోసారి చేస్తే విసుగు.

కాపీ ఎలా పంపాలన్నది చిన్న విషయమే అయినా చాలామంది ఇక్కడ చిక్కుకుంటారు. ఫైలు ఇస్తే చదివేవాడికి ఫోన్‌లోకి ఎక్కించుకోవడం రాదు. బుక్‌ఫనెల్ లాంటి సేవలు ఆ తలనొప్పి తీసేస్తాయి. సమీక్షకులకు కాపీలు అందించే నెట్‌గ్యాలీ కూడా ఉంది గానీ కొత్తవాళ్లకు ఖర్చెక్కువ, ఇప్పుడే అక్కర్లేదు. మీ ఈబుక్ కేడీపీ సెలెక్ట్‌లో ఉంటే మాత్రం ఇలా పంచేముందు దాని ప్రత్యేక హక్కుల షరతు ఓసారి చదువుకోండి. దాని గురించి కింద చెప్తాను.

రివ్యూల విషయంలో గీత దాటకండి. ఉచిత కాపీ ఇచ్చి నిజాయితీగా అభిప్రాయం రాయమనడం తప్పు కాదు. 2016లో అమెజాన్ ఉచిత వస్తువులిచ్చి రాయించుకునే రివ్యూలను నిషేధించినప్పుడు కూడా పుస్తకాల అడ్వాన్స్ కాపీలకు, అంటే సమీక్ష కోసం ముందుగా ఇచ్చే ప్రతులకు, మినహాయింపు ఇచ్చింది. డబ్బిచ్చి రాయించుకోవడం, "మీది నేను రాస్తా, నాది మీరు రాయండి" అనే ఒప్పందాలు, ఇంట్లోవాళ్ల చేత, దగ్గరి స్నేహితుల చేత రాయించడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. ఒకే ఇంటి నుంచి, ఒకే వారంలో అయిదు నక్షత్రాలు వరసగా పడితే అమెజాన్‌వాళ్లు తీసేస్తారు. కొన్నిసార్లు వాటితోపాటు నిజమైనవీ పోతాయి. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం మీద జరిమానాల నియమమే వచ్చింది.

ఈ జబ్బు పాతదే లెండి. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 1855లో తన మొదటి కవితా సంపుటిని సొంత ఖర్చుతో వేసుకుని, దాని మీద తనే పేరు లేకుండా సమీక్షలు రాసి పత్రికల్లో వేయించుకున్నాడు. అప్పటికే పేరున్న రచయిత ఎమర్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, అందులో ఒక వాక్యాన్ని ఆయన్ని అడగకుండానే మరుసటి ఏడాది రెండో కూర్పు వీపు మీద బంగారు అక్షరాలతో అచ్చేశాడు. ఆయన విట్మన్ కాబట్టి చెల్లింది. మనం చేస్తే అకౌంటు పోతుంది.

రివ్యూలు ఎన్ని ఉండాలని అడుగుతారు. నా లెక్కలో మిమ్మల్ని ఎరగనివాళ్లు రాసినవి పది, పదిహేను చాలు. అందులో ఒకటో రెండో మూడు నక్షత్రాల రివ్యూలుంటే ఇంకా మంచిది. అన్నీ అయిదే ఉన్న పేజీని చూస్తే పాఠకుడికి అనుమానం వస్తుంది.

రోజూ పోస్టులు పెట్టడం గురించి

మీరు పెట్టినవి చూశాను. అన్నీ అట్ట బొమ్మ, కొనమని లింకు, మళ్లీ అట్ట బొమ్మ. అవి చూసేది ఇప్పటికే కొన్న మీ స్నేహితులే. వాళ్లు మూగబోయారంటే వాళ్ల తప్పేం లేదు. వారానికి రెండు పోస్టులు చాలు. వాటిలో మీ పుస్తకంలోని ప్రపంచం గురించి చెప్పండి. మీ కథానాయిక తపాలా ఆఫీసులో పనిచేస్తుందన్నారు కదా, ఆ ఉద్యోగం గురించి మీరు సేకరించిన సంగతులున్నాయి, నవలలో పట్టక వదిలేసినవి. చిరునామా సరిగా లేని ఉత్తరాలు ఏమవుతాయో చెప్పండి. మనుషులు అది చదువుతారు, పంచుకుంటారు. లింకు కింద కామెంట్లో ఉంటే సరిపోతుంది. ఇతరుల పుస్తకాల గురించి కూడా మనస్ఫూర్తిగా రాయండి. చదివే రచయితకు పాఠకుల గుంపుల్లో వచ్చే గౌరవం, అమ్మే రచయితకు రాదు.

ఇంకోటి. అన్ని చోట్లా ఉండాలనుకోకండి. వీడియోలంటే మీకు వణుకు అన్నారు, అయితే రీల్స్ మానేయండి. మీకు హాయిగా ఉండే ఒక్క వేదిక చాలు.

దానికంటే ముఖ్యంగా మెయిలింగ్ లిస్టు ఈరోజే మొదలుపెట్టండి. సోషల్ మీడియాలో మీ పోస్టు ఎవరికి చూపించాలో ఆ కంపెనీ నిర్ణయిస్తుంది. మెయిల్ నేరుగా వెళ్తుంది. ఈబుక్ చివరి పేజీలో, కథ ముగిసిన వెంటనే, ఒక లింకు పెట్టండి. పైన చెప్పిన సుమతి కథకైతే ఇలా: "ఈ కథలో సుమతి తండ్రి రాసి పంపని ఉత్తరం ఒకటుంది. చదవాలనుంటే ఇక్కడ మీ మెయిల్ ఇవ్వండి." రెండు మూడు పేజీల అదనపు కథ చాలు. కథ అప్పుడే ముగించినవాడికి ఉన్నంత ఆసక్తి ఇంకెవరికీ ఉండదు. పరిచయస్తుల అడ్రస్‌లు మాత్రం వాళ్లను అడక్కుండా జాబితాలో చేర్చేయకండి. అది మర్యాదా కాదు, చాలా దేశాల్లో చట్టమూ ఒప్పుకోదు. నా అనుభవంలో ఇలా ఇష్టపడి చేరిన వందమంది, మొహమాటానికి ఫాలో అయిన కొన్ని వేలమంది కంటే ఎక్కువ కాపీలు కొంటారు.

ఉచితంగా ఇవ్వాలా, ధర తగ్గించాలా

కేడీపీ సెలెక్ట్‌లో చేరితే 90 రోజులపాటు ఆ ఈబుక్ ఇంకెక్కడా అమ్మకూడదు, ఉచితంగా కూడా పంచకూడదు. అచ్చు పుస్తకానికి ఈ కట్టుబాటు లేదు. బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్ అనే చందా పథకంలో ఉన్నవాళ్లు చదివిన పేజీల లెక్కన మీకు డబ్బు వస్తుంది, ఆ 90 రోజుల్లో అయిదు రోజులు ఉచితంగా ఇచ్చుకోవచ్చు. గడువు తీరాక దానంతటదే మళ్లీ మొదలవుతుంది, వద్దనుకుంటే మీరే టిక్కు తీసేయాలి. అది మరిచిపోయి వేరే చోట పుస్తకం పెట్టి హెచ్చరిక మెయిల్ అందుకున్నవాళ్లు నాకు తెలుసు.

మొదటి పుస్తకానికి ఒక విడత సెలెక్ట్‌లో ఉండమనే చెప్తాను. ముక్కూమొహం తెలియని రచయిత పుస్తకం కొనడానికి వెనకాడేవాడు, చందాలో ఎలాగూ ఉంది కదా అని తెరుస్తాడు. అడ్వాన్స్ కాపీలు పంచే పని ముందు కానిచ్చి, తర్వాత చేరడం మేలు. ఉచిత రోజుల విషయంలో మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. ఉచితంగా దింపుకున్నవాళ్లలో అత్యధికులు తెరవరు. ఆ అయిదు రోజులు రెండో పుస్తకం విడుదల వారానికి దాచుకోండి, అప్పుడు వాటికి అర్థముంటుంది. ధర విషయానికొస్తే, అమెజాన్ డాట్ కామ్‌లో 70 శాతం రాయల్టీ కావాలంటే ఈబుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉండాలి. అంతకు దిగినా, ఎక్కినా 35 శాతమే. ఎప్పుడూ కారుచౌకగా ఉంచడం కంటే, మామూలు ధర పెట్టి అప్పుడప్పుడూ తగ్గించడం మంచిది. బుక్‌బబ్ లాంటి తగ్గింపు ధరల మెయిళ్లు కూడా ఆ తేడానే చూస్తాయి. వాటి ముఖ్య జాబితాకు ఎంపిక కావడం కష్టమే అనుకోండి.

ప్రకటనలు ఎప్పుడు

అమెజాన్ ప్రకటనల్లో క్లిక్కుకు ఇంత అని కడతారు. కొన్నా కొనకపోయినా క్లిక్కు క్లిక్కే. ఒక లెక్క వేసి చూడండి. ఒక కాపీ అమ్మితే మీకు 60 రూపాయలు మిగులుతుందనుకుందాం. ఒక క్లిక్కు ఖరీదు 5. పేజీ బాగుండి పదిమందిలో ఒకరు కొంటే, ఒక అమ్మకానికి 50 ఖర్చు, 10 మిగులు. పేజీ బాగాలేక నలభైమందిలో ఒకరు కొంటే, ఒక అమ్మకానికి 200 ఖర్చు, 140 నష్టం. ప్రకటన అదే, డబ్బు అదే. అందుకే పేజీ ముందు, ప్రకటనలు తర్వాత అంటున్నాను. ఒకే పుస్తకం ఉన్న రచయితకు బాగున్న సందర్భంలో కూడా మిగిలేది ఆ పదే. నాలుగు పుస్తకాలున్నవాడికి మొదటిదాని మీద నష్టం వచ్చినా, నచ్చిన పాఠకుడు మిగతా మూడూ కొంటాడు కాబట్టి గిట్టుబాటవుతుంది. మీరు చూసే "ప్రకటనలతో నా అమ్మకాలు పెరిగాయి" అనే కబుర్లలో చాలావరకు ఆ నాలుగు పుస్తకాలవాళ్లవి.

సరదాగా పరీక్షించాలనుంటే, పోయినా పర్లేదనుకునే చిన్న మొత్తం పెట్టి, రోజువారీ పరిమితి కట్టి, రెండు వారాలు చూడండి. క్లిక్కులు వచ్చి అమ్మకాలు రాకపోతే లోపం వివరణలోనో శాంపిల్‌లోనో ఉంది. జనానికి ప్రకటన కనపడుతున్నా ఎవరూ నొక్కకపోతే అట్ట చూడండి. ఆ సమాచారం కోసం ఆ కాస్త ఖర్చు దండగ కాదు.

పుస్తకాల షాపులు, సభలు

షాపువాళ్లు సాధారణంగా ముద్రిత ధరలో 40 నుంచి 55 శాతం తగ్గింపు, అమ్ముడుపోనివి వెనక్కిచ్చే వీలు అడుగుతారు. ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకానికి ఒక్కో కాపీ ఖర్చే ఎక్కువ కాబట్టి చివరికి చేతికేమీ రాదు. కేడీపీ ఉచితంగా ఇచ్చిన ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కేడీపీ బయట పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోండి. గ్రంథాలయాలు, షాపులు లక్ష్యమైతే సొంత ఐఎస్‌బీఎన్ తీసుకోవాల్సిందే. ఆవిష్కరణ సభ మీ సంతోషానికి చేసుకోండి, తప్పులేదు. వేదిక మీద ఎనిమిదిమంది మాట్లాడి, కింద పాతికమంది కూర్చునే సభ వల్ల అమ్మకాలు పెరుగుతాయని మాత్రం అనుకోకండి. దానికంటే పదిహేనుమంది ముందే చదివి వచ్చి మీతో మాట్లాడే చిన్న పాఠకుల సమావేశం ఎన్నో రెట్లు మేలు. అలాంటిచోట మీ పుస్తకంలో ఎక్కడ విసుగు పుట్టిందో కూడా తెలుస్తుంది.

చివరగా, రెండో పుస్తకం

మీరు ప్రశ్నలో రెండోది సగం రాసి ఆపేశానన్నారు, మొదటిది ఆడాక చూద్దామని. ఆ వరసను తిరగేయండి. వారంలో ప్రచారానికి రెండు పూటలు కేటాయించండి, మిగతాదంతా రాతకే. రెండోది వచ్చిన రోజున మొదటిదానికి వచ్చే కదలిక ఏ ప్రకటనతోనూ రాదు. రాత దాదాపు పూర్తయ్యాక ఈబుక్‌కు ప్రీఆర్డర్ (విడుదలకు ముందే కొనుక్కునే వీలు) పెట్టి, మొదటి పుస్తకం చివరి పేజీలో దాని లింకు, మొదటి అధ్యాయం చేర్చండి. కేడీపీలో ఏడాది ముందునుంచే ప్రీఆర్డర్ పెట్టుకోవచ్చు గానీ, రాత పూర్తి కాకముందే తేదీ ప్రకటించకండి. విడుదలకు మూడు రోజుల ముందే చివరి ఫైలు ఎక్కించాలి. మాట తప్పి రద్దు చేసుకుంటే ఏడాదిపాటు ఆ సౌకర్యం ఇవ్వరు.

ఆ ప్యాకేజీవాళ్లకు ఇంకా జవాబివ్వకపోతే, ఇవ్వకుండానే ఉండండి. మీరు ఇప్పుడు వాడుతున్న వివరణ ఇక్కడ కింద పెడితే చూసి, ఏం మార్చొచ్చో చెప్తాను.